గోడమీది జట్టుకు పేర్లేవీ?

కాకినాడ అనగానే నోట్లో కాజా కరుగుతుంది. ఆ వెంటే సుబ్బయ్య హోటల్ భోజనం, ఉప్పాడ చీర, రేవు, కోరంగి మడ అడవులు... ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. ఆ జాబితాలోకి ఎక్కనిది ఒకటుంది. పాత ఇళ్ల హాళ్లలో, కాలేజీల్లో, బళ్లలో గోడకు కాస్త ముందుకు వంగి వేలాడుతుంటుంది. నల్లటి చెక్క ఫ్రేము, పసుపెక్కిన అట్ట, మధ్యలో ఆటగాళ్ల గ్రూపు ఫొటో.

ఎవరింట్లో చూసినా దాని తీరు ఒక్కటే. కుర్చీల్లో ప్రిన్సిపాలుగారు, అధ్యాపకులు. ఓ చివరన నిటారుగా డ్రిల్లు మాస్టారు. వెనక వరసలో చేతులు కట్టుకున్న కుర్రాళ్లు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఇద్దరి మధ్య ఒక బంతి, దానిమీద సుద్దతో రాసిన సంవత్సరం. పక్కన ఓ షీల్డో, రెండు కప్పులో. క్రికెట్టయితే బ్యాటుంటుంది, హాకీ అయితే కర్రలుంటాయి. బంతి పుచ్చకాయంత ఉండి, దానికి చెప్పుల తాడులాంటి లేసు కనిపిస్తే మాత్రం ఆగి చూడాల్సిందే. అది పాతకాలపు బాస్కెట్‌బాల్!

ఇలాంటి ఫొటోల కోసం, బంతుల కోసం, బనియన్ల కోసం ప్రపంచవ్యాప్తంగా వేటాడేవాళ్లున్నారు. మన దగ్గరేమో ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు దించిన ఫ్రేము మళ్లీ గోడెక్కదు. అటకమీదికో, పాత కాగితాల కొట్టుకో వెళ్లిపోతుంది.

కాగితం ఖరీదు 20 కోట్లు!

2010 డిసెంబరు 10న న్యూయార్కులో సోథెబీస్ సంస్థ ఓ వేలం వేసింది. అమ్మకానికి పెట్టింది వజ్రాలహారం కాదు. టైపు కొట్టిన రెండు కాగితాలు. ధర 43 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో దాదాపు 20 కోట్ల రూపాయలు! ఏమిటా కాగితాలంటారా? 1891 డిసెంబరులో జేమ్స్ నెయిస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటకు పెట్టిన 13 నియమాలు.

ఆయన పనిచేసింది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. బయట మంచు కురిసే చలికాలం. లోపలేమో కుదురుగా ఉండని 18 మంది కుర్రాళ్లు. వాళ్లను అలసిపోయేలా ఆడించాలి, అలాగని దెబ్బలు తగలకూడదు. నెయిస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు రెండు తెప్పించి, జిమ్ములో చెరో పక్క మేడ పిట్టగోడకు కొట్టించారు. ఫుట్‌బాల్ బంతితో చెరి తొమ్మిదిమందీ ఆడారు. ఆ తొలి ఆటలో పడింది ఒక్కటే గోలు. బుట్టకు అడుగుందాయె, బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఎక్కి తీయాలి! అడుగు లేని వల ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

అసలు సంగతి ఆ కాగితాలు కొన్నాయన ఎందుకు కొన్నాడన్నది. డేవిడ్ బూత్ అనే ఆ ధనవంతుడు పెరిగింది కాన్సస్ రాష్ట్రంలోని లారెన్సులో. వాళ్ల వీధి పేరే నెయిస్మిత్ డ్రైవ్! నెయిస్మిత్ తర్వాతి కాలంలో చాలా ఏళ్లు పనిచేసింది ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే. ఆ కాగితాలు ఆ ఊళ్లోనే ఉండాలని బూత్ పంతం. ఇప్పుడవి కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

2022 సెప్టెంబరులో మైఖేల్ జోర్డాన్ జెర్సీ ఒకటి కోటీ ఒక లక్ష డాలర్లకు అమ్ముడైంది. 1998 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో ఆయన వేసుకున్నదది. మన డబ్బులో దాదాపు 80 కోట్లు. ఒంటిమీది చెమట బనియనుకు అంత విలువెందుకు? ఎవరు వేసుకున్నారో, ఏ రోజు వేసుకున్నారో, ఏ ఆటలో వేసుకున్నారో పక్కాగా తెలుసు కాబట్టి. ఆ మూడూ తెలియకపోతే అది ఉతకాల్సిన బట్ట, అంతే. పాత వస్తువులు సేకరించేవాళ్లకు మొదటి పాఠం ఇదే.

స్ప్రింగ్‌ఫీల్డు నుంచి మద్రాసు మీదుగా...

ఆ బుట్టలాటకూ మన ఉప్పుటేరుకూ ఏం సంబంధం? ఓ దారి మద్రాసు మీదుగా వస్తుంది. నెయిస్మిత్ ఉన్న ఆ స్ప్రింగ్‌ఫీల్డు కాలేజీలోనే తర్వాతి తరంలో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1919లో మద్రాసు వచ్చారు. మరుసటి ఏడాది అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా పాఠశాల ప్రారంభించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టును వెంటబెట్టుకెళ్లింది కూడా ఆయనే. అప్పట్లో కాకినాడ మద్రాసు రాజధానిలో భాగం. ఆ రాజధానిలోని బళ్లకు డ్రిల్లు మాస్టార్లను తయారుచేసిన ఇల్లు బక్ దొరగారి పాఠశాల. కాబట్టి గ్రూపు ఫొటోలో చివరన నిలబడ్డ డ్రిల్లు మాస్టారిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆయన సర్టిఫికెట్టు మీద మద్రాసు వైఎంసీఏ ముద్ర ఉందంటే, స్ప్రింగ్‌ఫీల్డు జిమ్ముకూ మన ఊరి మైదానానికీ మధ్య ఉన్నవి రెండే మెట్లు!

ఇంకో పోలిక చూడండి. నెయిస్మిత్ స్థిరపడింది అమెరికాలోనే అయినా పుట్టింది కెనడాలో, ఒంటారియోలోని ఆల్మంట్ దగ్గర. కాకినాడకు 1874లో వచ్చిన జాన్ మెక్లారిన్ దొరగారిని పంపిందీ కెనడా బాప్టిస్టులే. అప్పటికి నెయిస్మిత్ ఇంకా బడికెళ్లే పిల్లాడు. ఇద్దరూ ఎదురుపడ్డ దాఖలా కోసం వెతకనక్కర్లేదు. కానీ కెనడా పేరు కాకినాడలో నేటికీ వినిపించేది మెక్లారిన్ హైస్కూలు వల్లే. సేకరణకు పనికొచ్చే సంగతి కూడా ఇక్కడే ఉంది. మిషనరీలు ప్రతిదీ రాసి పంపేవారు, వీలైతే ఫొటో తీసి పంపేవారు. 1878లో కెనడాలో మొదలైన మిషనరీ లింక్ అనే పత్రిక నిండా కాకినాడ, సామర్లకోట, పిఠాపురం కబుర్లే. ఆ సంఘాల పాత కాగితాలు హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం దగ్గరున్న బాప్టిస్టు ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మన ఊరి పాత ముఖాలు సముద్రాల అవతల పెట్టెల్లో జాగ్రత్తగా ఉంటే, ఊళ్లో ఉన్నవాటికి చెద పడుతోంది!

ఊళ్లో ఎక్కడ వెతకాలి?

కాకినాడ వీధుల్లో తిరగడమంటే చదువుల చరిత్రలో తిరగడమే. పిఠాపురం రాజావారి కాలేజీ 1884 నాటిది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే ఇక్కడ ఆడపిల్లలకూ ప్రవేశం దొరికింది. 1946లో పుట్టిన ఇంజినీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూ గొడుగు కిందికి వచ్చింది, 2008లో తానే విశ్వవిద్యాలయమైంది. రంగరాయ మెడికల్ కాలేజీ వయసు 1958 నుంచి. ఇవి చాలవన్నట్టు ఈ ఊళ్లో కసరత్తుకు రాజకీయ చరిత్ర కూడా ఉంది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడే హిందుస్తానీ సేవాదళ్ పుట్టింది. కుర్రకారుకు కవాతు, క్రమశిక్షణ నేర్పడం దాని పని.

ఇన్ని కాలేజీలున్న ఊళ్లో ఏటా ఎన్ని జట్లు, ఎన్ని గ్రూపు ఫొటోలు! జట్టులో ప్రతివాడూ ఒక కాపీ కొనుక్కునేవాడు. కాలేజీకి ఒకటి, స్టూడియో షోకేసుకు ఒకటి. అంటే ఒక్కో ఫొటోకు పన్నెండు, పదిహేను ప్రింట్లు పుట్టాయన్నమాట. కాలేజీ గోడమీదిది పోయినా, రామారావుపేటలోనో, గాంధీనగర్‌లోనో, జగన్నాథపురం వంతెన అవతల ఏ పెంకుటింట్లోనో దాని తోబుట్టువు దొరికే వీలుంది. కాకినాడ కుర్రాళ్లు ఉద్యోగాలకు వెళ్లిన హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండొచ్చు కూడా.

వెతికేటప్పుడు ఒక చిట్కా. ఇంగ్లిషులో ఊరి పేరు ఇప్పటిలా రాస్తే పాతవి దొరకవు. తెల్లవాళ్ల కాలంలో దాని స్పెల్లింగు ‘కొకనాడ’. రైల్వేవాళ్లు ఆ పాత పేరును నేటికీ వదల్లేదు. టికెట్టు మీద కాకినాడ టౌను కోడు సీసీటీ. అందులో మొదటి సీ కొకనాడదే! పాత పత్రికలు, పోస్టుకార్డులు, ఫొటోల వెనక స్టూడియో ముద్రలు... అన్నింట్లోనూ ఆ స్పెల్లింగుతోనే వెతకాలి.

సంవత్సరం చెప్పే చిన్న గుర్తులు

బంతిమీద సుద్దరాత చెరిగిపోతే ఏడాది తెలిసేదెలా? సర్టిఫికెట్లయితే తలకట్టు చూడాలి. మద్రాసు విశ్వవిద్యాలయం పేరుంటే బాగా పాతది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అని ఉంటే 2006 తర్వాతిదే. షీల్డు మీద తూర్పుగోదావరి జిల్లా అని చెక్కి ఉంటే అది 1925కు ముందుది కాదు. ఆంధ్ర రాష్ట్రం అని మాత్రమే ఉంటే 1953 అక్టోబరుకూ 1956 నవంబరుకూ మధ్యదై ఉండొచ్చు. కాకినాడ జిల్లా అని ఉందా? 2022 ఏప్రిల్ 4 తర్వాతిదన్నమాట. స్టూడియో ముద్రలో 533 001 అని పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15కు ముందు కొట్టిన ముద్ర కాదది. మన దేశంలో పిన్‌కోడు మొదలైంది ఆ రోజునే.

ఇక ఫొటో అసలుదా, తర్వాతెప్పుడో తీసిన నకలా? ఫొటో తీసిన రోజుల్లోనే, అసలు నెగెటివ్ నుంచి వేసిన ప్రింటునే సేకర్తలు వింటేజ్ అంటారు. విలువంతా దానికే. భూతద్దం పెట్టి చూస్తే చిన్నచిన్న చుక్కలు కనిపించాయా? అది పుస్తకంలోంచో పత్రికలోంచో కత్తిరించిన బొమ్మ. వెనక్కి తిప్పితే ప్లాస్టిక్‌లా నున్నగా ఉందా? 1970ల తర్వాత వాడకంలోకి వచ్చిన పూత కాగితం అయ్యుంటుంది. పాత నలుపు తెలుపు ప్రింట్లలో ముదురు నలుపున్న అంచుల దగ్గర, ఏటవాలుగా చూస్తే వెండి తళుకు కనిపిస్తుంది. కాగితంలోని వెండి కాలక్రమంలో పైకి తేలడం వల్ల వచ్చే మెరుపది. దాన్ని మురికనుకుని తుడిచేశారో, ఫొటో పాడైనట్టే.

కె.సత్యనారాయణ ఎవరు?

ఇన్ని గుర్తులూ దొరికినా తేలని చిక్కు ఒకటుంది. అది మన గోదావరి జిల్లాలకే ప్రత్యేకం. అన్నవరం సత్యదేవుడు పక్కనే ఉన్నాడు కదా! మొక్కుకుని కన్న పిల్లలకు ఆయన పేరే పెట్టుకుంటారు. జట్టులో పన్నెండుమందుంటే ఇద్దరు ముగ్గురు సత్యనారాయణలు తప్పరు. ఫొటో అట్ట మీదేమో ఇంగ్లిషులో పొడి అక్షరాలు. కె.సత్యనారాయణ, వి.వి.ఎస్.ఎన్.మూర్తి... ఏ కె? కొత్తపల్లివారా, కర్రివారా, కొప్పిశెట్టివారా? ఏ ఊరు? తర్వాత ఏమయ్యాడు? ఆ అక్షరం వెనకున్న ఇంటిపేరు ఎవరికో గుర్తున్నంత కాలమే అతను మనిషి. ఆ తర్వాత ఎడమ నుంచి నాలుగోవాడు, అంతే!

ఆడపిల్లల జట్ల సంగతి ఇంకా కష్టం. ఫొటోలో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. పెళ్లితో అది మారిపోయింది. ఫొటో పుట్టింట్లో ఉండిపోయింది, ఆమె అత్తారింటికి వెళ్లిపోయింది. మనవలకు వాళ్ల అమ్మమ్మ సున్నుండలు తెలుసు, ఆవిడ కాలేజీ జట్టు కెప్టెనన్న సంగతి తెలియదు. బ్లేజరు మీది బ్యాడ్జీ ఊడదీసి కుట్టుమిషను డబ్బాలో పడేసి ఉంటారు. ఆటగత్తెల వస్తువులు ఎక్కడైనా అరుదుగా దొరికేది ఇందుకే. వాళ్లు ఆడలేదని కాదు, వాళ్ల పేర్లు రెండు ముక్కలైపోయాయని.

కాకినాడలో పుట్టిన హనుమ విహారికి ఈ బాధ లేదు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని టెస్టును కాపాడిన ఆ ఇన్నింగ్స్, ప్రతి బంతితో సహా భద్రంగా ఉంది. బాస్కెట్‌బాల్‌కు మన దేశంలో అంత వెలుగు ఏనాడూ లేదు. పురుషుల జాతీయ పోటీలు 1934లోనే మొదలైనా, భారత జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. అంత పెద్ద జట్టునే మరిచిపోయిన చోట కాలేజీ జట్టును గుర్తుపెట్టుకోవాల్సింది ఎవరు? ఇంట్లోవాళ్లే.

ఉప్పుగాలికి దయ లేదు

సముద్రం పక్కనున్న ఊరికి అందం ఎంతో, వస్తువులకు అంత గండం. ఉప్పుగాలికి కప్పుల వెండిపూత నల్లబడుతుంది. మేకు తుప్పుపట్టి ఓ రాత్రి ఫ్రేము కిందపడుతుంది. తేమకు ఫొటో అద్దానికి అతుక్కుంటుంది. వెనక అట్టను చెదలు తింటాయి, ముందు వైపు వెండిపురుగులు గీకుతాయి. ఇక తుపాను వస్తే చెప్పేదేముంది! 1996 నవంబరు 6 రాత్రి తూర్పుగోదావరి తీరాన్ని తాకిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మనుషుల్ని కాపాడుకోవాల్సిన రాత్రి గోడమీది బొమ్మల్ని ఎవరు చూస్తారు? అందుకే తుపాను లేని రోజునే ఆ పని చేసిపెట్టుకోవాలి.

పెద్ద ఖర్చేమీ కాదు. ఫొటోను తడిగుడ్డతో తుడవొద్దు. లామినేషన్ చేయించొద్దు. చిరుగుకు సెల్లోటేపు అంటించొద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో పెట్టొద్దు. అద్దానికి అతుక్కుపోయిందా, పీకొద్దు. ముందు అద్దంతోపాటే నాలుగు ఫొటోలు తీసి ఉంచాలి. కొత్త ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫొటోకూ మధ్య సన్నటి అట్ట అంచు పెట్టమంటే గాలి ఆడుతుంది. ఎండ పడే గోడ, బాత్రూము గోడ పనికిరావు. స్కాన్ చేయిస్తే ముందువైపు ఒక్కటే కాదు, స్టూడియో ముద్ర ఉన్న వెనకవైపు కూడా చేయించాలి. పేర్లు రాసేది బాల్‌పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా. నున్నటి కాగితం మీద పెన్సిలు పడకపోతే విడి చీటీ మీద రాసి జతపరిస్తే సరి.

తాటాకులకు జరిగిన మేలు

ఇలాంటి పని ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఇళ్లల్లో, అటకలమీద పడి పురుగు పడుతున్న తాటాకు గ్రంథాలను సేకరించాలని 1911లో జయంతి రామయ్య పంతులుగారు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. మద్రాసులో పుట్టిన ఆ సంస్థ తర్వాత కాకినాడకే వచ్చి స్థిరపడింది. పిఠాపురం మహారాజావారి ఆదరణతో సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారుచేసిన పరిషత్తు అదే. ఆ తాళపత్రాలు, పాత శిల్పాలు, నాణేలు నేటికీ ఊళ్లోని పరిషత్తు మ్యూజియంలో చూడొచ్చు. ఆ రోజుల్లో తాటాకుల కట్ట కూడా ఇంట్లోవాళ్లకు చెత్తే! పొయ్యిలోకీ, ఏట్లోకీ పోయేవే. ఎవరో అడిగారు కాబట్టి మిగిలాయి.

బాస్కెట్‌బాల్ ఫొటో కావ్యం కాదు, నిజమే. దానికి సోథెబీస్‌లో కోట్లూ రావు. అయితే తాటాకుకు లేని సౌకర్యం ఒకటి దీనికుంది. తాటాకు రాసిన కవిని అడగడానికి వీల్లేదు. ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ కుర్రాడిని మాత్రం కొన్నాళ్ల పాటు అడగొచ్చు. 1960ల్లో ఆడినవాళ్లకు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. సాయంత్రం పార్కు బెంచీ మీద, కుళాయిచెరువు గట్టున, రిటైరైనవాళ్ల కబుర్లలో వాళ్లు ఇంకా ఉన్నారు. ఫొటో చేతికిస్తే చాలు, వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ ఇంటిపేరుతో సహా చెప్పేస్తారు. వీడు బ్యాంకులో చేరాడు, వీడు మిలటరీకెళ్లాడు, వీడి షూటింగు చూడాలసలు... అంటూ గంటసేపు ఆగరు.

ఆ గంట విలువ ఏ వేలంపాటకూ అందదు. చేతిలో ఓ పెన్సిలుంటే సరిపోతుంది. మొత్తం జట్టు పేర్లు రాయలేకపోయినా ఫర్లేదు. కనీసం ఆ ముగ్గురు సత్యనారాయణల ఇంటిపేర్లయినా రాసి ఉంచితే, వాళ్ల మనవలకు వాళ్ల తాతలు దొరుకుతారు.